ఫాస్ట్ బౌలింగ్‌లో ముందు కాలు, బ్యాలెన్స్, నడుము: నెల్లూరు, ప్రకాశం పిలకాయలూ వాళ్ల తల్లిదండ్రులూ తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం దగ్గరైనా, ఒంగోలు శర్మ కాలేజీ గ్రౌండ్‌లో అయినా సాయంత్రం ఎండ తగ్గాక పేస్ వెయ్యాలని తపించే పిలకాయలు కనిపిస్తూనే ఉంటారు. వాళ్ల ధ్యాసంతా చేతి మీదే. వేగం పుట్టేది కాళ్ల దగ్గర. ఆ కాళ్ల మీద పడే భారాన్ని పట్టించుకోకపోతే పదహారేళ్లకే నడుము పోతుంది. ఈ పేజీ రాయడానికి కారణం అదే. పిల్లలు అడిగిన వాటికి పిల్లలతో మాట్లాడినట్టు, పెద్దలు అడిగిన వాటికి పెద్దలతో మాట్లాడినట్టు రాశాను. నేను బౌలింగ్ నేర్పేవాణ్ణి, డాక్టర్ని కాను. నొప్పి గురించి ఇక్కడ రాసింది డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో తెలియడానికి మాత్రమే.

భుజాలు బలంగా ఉంటే స్పీడ్ దానంతట అదే వస్తుంది కదా సార్?

రాదు. భుజం బలం అక్కర్లేదని కాదు, కానీ దాని వంతు చివర్లో వస్తుంది. ఫాస్ట్ బౌలర్ క్రీజు దగ్గరికి చేరేసరికి గంటకి సుమారు 20 కిలోమీటర్ల వేగంతో ఉంటాడు. అక్కడ ముందు కాలు నేలని గట్టిగా పట్టేస్తుంది. పాదం ఆగిపోయింది, పైన ఒళ్లు మాత్రం ఇంకా ముందుకే పోతోంది. బస్సు సడన్ బ్రేకు వేసినప్పుడు నిలబడ్డవాళ్లు ముందుకి తూలతారు చూడు, అదే ఇది. ఆ తూలుడు తుంటి నుంచి నడుముకి, నడుము నుంచి ఛాతీకి, అక్కణ్ణుంచి భుజానికి, చేతికి, చివరికి వేళ్లకి చేరుతుంది. కిందున్న బరువైన భాగం ఆగుతున్న కొద్దీ పైనున్న తేలికైన భాగం వేగం అందుకుంటుంది. 20 కిలోమీటర్ల వేగంతో వచ్చిన మనిషి చేతిలోంచి 130, 140 కిలోమీటర్ల బంతి వచ్చేది అందుకే.

ఇంగ్లండ్‌లోని లాఫ్‌బరో విశ్వవిద్యాలయం వాళ్లు 20 మంది మేటి ఫాస్ట్ బౌలర్ల కదలికల్ని కొలిచి 2013లో ఫలితాలు ప్రచురించారు. వేగంతో ముడిపడినవి నాలుగు విషయాలని తేలింది. రన్నప్ (బంతి వెయ్యడానికి పెట్టే పరుగు) వేగం ఒకటి. ముందు కాలి మోకాలు తక్కువ వంగడం రెండోది. ముందు పాదం పడ్డాక బంతి వదిలేలోపు ఛాతీ ఎక్కువగా ముందుకి వంగడం మూడోది. చెయ్యి తొందరపడకుండా ఆలస్యంగా తిరగడం నాలుగోది. ఆ బౌలర్ల మధ్య వేగంలో ఉన్న తేడాలో దాదాపు నాలుగింట మూడొంతులు ఈ నాలుగింటితోనే లెక్క తేలింది. వాళ్లు కొలిచింది టెక్నిక్‌ని, కండ బలాన్ని కాదు. అయినా భుజాన్ని పెంచుకోవడానికి గంటలు ఖర్చుపెట్టే కుర్రాడు ఈ నాలుగూ ఒకసారి చదువుకుంటే మంచిది.

ముందు కాలి మీద నిజంగా ఎంత బరువు పడుతుంది?

నడిచేటప్పుడు నేల మన పాదాన్ని మన బరువు కంటే కాస్త ఎక్కువ బలంతో ఎదురు తోస్తుంది. పరిగెత్తేటప్పుడు అది రెండు, మూడు రెట్లు అవుతుంది. బౌలర్ వెనక కాలు పడ్డప్పుడూ ఇంచుమించు అంతే. ముందు కాలు పడ్డప్పుడు మాత్రం శరీర బరువుకి ఐదు నుంచి ఏడు రెట్లు, కొందరిలో అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది.

55 కిలోల కుర్రాణ్ణి తీసుకుందాం. ఆరు రెట్లంటే 330 కిలోలు. అది ఒక్క కాలి మీద, ఒక్క బంతికి. ఒక ఓవర్‌లో ఆ దెబ్బ ఆరు సార్లు. పాదం నేలని తాకినప్పటి నుంచి బంతి చెయ్యి వదిలేదాకా పట్టే సమయం సుమారు సెకనులో పదో వంతు. ఆ పదో వంతులో కూడా పెద్ద దెబ్బ మొదట్లోనే తగులుతుంది. అంత తక్కువ సమయంలో ఆలోచించి కాలిని సర్దుకోవడం ఎవరివల్లా కాదు. పాదం పడకముందే కాలు సిద్ధంగా ఉండాలి. దానికే ఇంత ప్రాక్టీసు.

అయితే కాలు గట్టిగా నేలకేసి కొడితే స్పీడ్ పెరుగుతుందా?

పెరగదు, కాలే నొప్పెడుతుంది. అదే లాఫ్‌బరో విశ్వవిద్యాలయం 2016లో ప్రచురించిన మరో పరిశీలనలో, దెబ్బ ఎంత పెద్దదన్నదానికీ బంతి వేగానికీ సంబంధం కనిపించలేదు. సంబంధం ఉన్నది వెనక్కి తోసే బ్రేకు బలంతో, అది బంతి వదిలేదాకా ఎంతగా పనిచేసిందన్నదానితో. అంటే దభీమని తొక్కడం కాదు, తొక్కినచోట నిలబెట్టుకోవడం ముఖ్యం. పాదం ఒంటికి బాగా ముందు పడితే, మడమ ముందు తాకితే ఆ బ్రేకు బాగా అందుతుంది. ఒంటి కిందే పడితే దెబ్బ తగులుతుంది గానీ బ్రేకు పడదు.

ముందు కాలు కర్రలా నిటారుగా ఉంచాలా, మోకాలు వంచొచ్చా?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. జవాబు మనిషిని బట్టి మారుతుంది.

పెద్ద బౌలర్లలోనే నాలుగు రకాలు కనిపిస్తారు. కాలు నిటారుగా పెట్టి అలాగే ఉంచేవాళ్లు. పడ్డాక మోకాలు వంగి, అలా వంగే బంతి వదిలేవాళ్లు. కాస్త వంగి మళ్లీ సాగదీసేవాళ్లు. కొంచెం వంగిన మోకాలితో దిగి, దాన్ని తిన్నగా చేస్తూ వేసేవాళ్లు. నిటారు కాలితో వేగం ఎక్కువ వస్తుంది, నిజమే. బంతి వదిలే ఎత్తు కూడా పెరుగుతుంది. అయితే మోకాలు వంగితే దెబ్బలో కొంత తొడ కండ మింగుతుంది. వంగకపోతే అదంతా పైకి, తుంటికీ నడుముకీ పోతుంది.

పద్నాలుగేళ్ల పిల్లవాడి తొడకీ, పిరుదు కండకీ, నడుం చుట్టూ ఉన్న కండలకీ ఆ భారం మోసే శక్తి ఇంకా రాలేదు. అలాంటివాణ్ణి నిలబెట్టి "కాలు వంచకు, కాలు వంచకు" అని అరిచే కోచింగ్ నాకు నచ్చదు. బలం వచ్చే కొద్దీ మోకాలు వంగడం తనకు తానే తగ్గుతుంది. ముందు చూడాల్సింది మోకాలు ఎంత వంగిందని కాదు, ఏ దిక్కుకి వంగిందని. బొటనవేలు చూసే దిక్కుకే మోకాలు వంగితే ఫరవాలేదు. లోపలికి, అంటే రెండో మోకాలి వైపుకి కూలిపోతుంటే అక్కడ ఆపి సరిచెయ్యాలి. మోకాలి కీలుకి ఆ కూలడమే ప్రమాదం.

పాదం కూడా గమనించు. బ్యాటర్ వైపు చూడాల్సిన పాదం ఫైన్ లెగ్ వైపో, పాయింట్ వైపో తిరిగి పడితే మోకాలు మెలిపడుతుంది.

బుమ్రా రన్నప్ చిన్నదే కదా. నేనూ నాలుగడుగుల్లోనే వెయ్యొచ్చా?

బుమ్రా పరుగు నెమ్మదిగా కనిపిస్తుంది, కానీ అతని ముందు కాలు పడ్డచోట గడ్డపారలా నిలబడిపోతుంది. బంతిని చాలామంది కంటే ముందుకి తీసుకెళ్లి వదులుతాడు. అతని మోచెయ్యి వెనక్కి ఎక్కువగా వంగే తీరు పుట్టుకతో వచ్చింది. వీటిలో ఏదీ రన్నప్ తగ్గించుకుంటే వచ్చేది కాదు. అలాంటి బౌలర్‌కే 2023లో న్యూజిలాండ్‌లో వెన్నుకి ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది. నీ పరుగు నీకు సుఖంగా ఉండాలి, చివరి నాలుగు అడుగుల్లో వేగం తగ్గకుండా ఉండాలి. మధ్యలో అడుగులు సర్దుకుంటున్నావంటే పరుగు పొడవు కుదర్లేదని అర్థం.

వేసేటప్పుడు ఎడమ పక్కకి పడిపోతున్నాను. తలని నిటారుగా ఉంచమంటారు, ఎంత ప్రయత్నించినా ఉండట్లేదు. ఎట్టా?

తల పడిపోవడం ఫలితం. కారణం అంతకంటే రెండు అడుగులు వెనక ఉంటుంది. తలతో కుస్తీ పడితే మెడ నొప్పి తప్ప లాభం లేదు.

కుడిచేతి బౌలర్ సంగతి చెబుతాను, ఎడమచేతి వాళ్లు తిరగేసి చదువుకోండి. చివరి గెంతు ముందుకి కాకుండా పక్కకి వేస్తే కుడి పాదం ఒక గీత మీద, ఎడమ పాదం ఇంకో గీత మీద పడతాయి. అప్పుడు ఒళ్లు పోతున్న దిక్కు వేరు, బంతి పోవాల్సిన దిక్కు వేరు. ఆ తేడాని పూడ్చడానికి నడుము పక్కకి విరుగుతుంది, దానితోపాటు తల కూడా పోతుంది. ఎడమ పాదం కుడి పాదం గీతని దాటి అవతల పడినా ఇదే గొడవ. తుంటి అడ్డం పడి, నడుము దాని చుట్టూ తిరగాల్సి వస్తుంది.

గుప్పెడు ముగ్గు తీసుకెళ్లు. రన్నప్ చివర్లో, వికెట్ల వైపు తిన్నగా, రెండు గజాల గీత పొయ్యి. బంతి లేకుండా, సగం వేగంతో వచ్చి గెంతి వెయ్యి. తర్వాత వెనక్కి వచ్చి అడుగుజాడలు చూడు. కుడి పాదం గుర్తూ, ఎడమ పాదం గుర్తూ గీతకి దగ్గర్లో ఉన్నాయా? కుడి మడమ గుర్తు లోతుగా ఉందా, వేళ్ల గుర్తు లోతుగా ఉందా? మడమ లోతుగా దిగితే అక్కడే కూర్చుండిపోతున్నావు, పరుగులో తెచ్చుకున్న వేగం ఆ గుంటలో మిగిలిపోతోంది. ఎడమ పాదం గుర్తు పక్కకి జారిన చారలా ఉంటే బరువు పాదం మీద కాక పాదం పక్కన పడుతోంది. నేల అబద్ధం చెప్పదు. కోచ్ లేని ఊళ్లో కూడా ఈ ఒక్క గీత సగం కోచింగ్ చేస్తుంది.

గెంతేటప్పుడు ఎడమ చెయ్యి ఎక్కడికి పోతోందో కూడా చూసుకో. అది పైకి లేచి, బ్యాటర్ వైపు సాగి, తుంటి పక్కగా కిందికి దిగితే ఒళ్లు తిన్నగా పోతుంది. పక్కకి విసిరేస్తే ఒళ్లూ పక్కకే.

ఇంట్లోనే బ్యాలెన్స్ చూసుకోవడానికి ఏదైనా పరీక్ష ఉందా?

ఉంది. చెప్పులు విప్పి ఒంటికాలి మీద, కళ్లు మూసుకుని నిలబడు. 20 సెకన్లు కదలకుండా నిలబడలేకపోతే రోజూ పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడటం మొదలుపెట్టు, మొదట కళ్లు తెరిచే. తర్వాత అరుగు మెట్టు మీంచి ఒక్క ముందు కాలి మీదే కిందికి దిగి అలాగే ఆగు. ఎదురుగా ఎవరైనా నిలబడి చూడాలి. మోకాలు లోపలికి పోయిందా, తుంటి ఒకవైపు జారిందా, నడుము వంకరపోయిందా. రెండు కాళ్లకీ చూసి పోల్చుకో. తేడా ఎక్కువ ఉంటే పని అక్కడుంది.

మా వాడికి నడుం నొప్పి అంటున్నాడు. బాగా ఆడితే కొంచెం నొప్పి మామూలే కదా?

కండ నొప్పి మామూలే. రెండు మూడు రోజుల్లో పోతుంది, నడుం రెండు వైపులా ఉంటుంది, వేడినీళ్ల స్నానం చేస్తే హాయిగా అనిపిస్తుంది. కానీ నొప్పి ఒకే పక్కన, వేలు పెట్టి చూపించేలా ఉండి, వెనక్కి వంగితే ఎక్కువవుతూ, బౌలింగ్ వేసిన ప్రతిసారీ తిరిగి వస్తోందంటే దయచేసి మామూలే అనుకోకండి. కుడిచేతి బౌలర్‌కి ఎడమ పక్కన అలా ఉంటే మరీ జాగ్రత్త.

ఎందుకో చెబుతాను. ముందు పాదం పడిన వెంటనే, ఇందాక చెప్పిన ఆ ఐదారు రెట్ల భారం పైకి వస్తున్న అదే క్షణంలో నడుము వెనక్కి వంగి, పక్కకి ఒరిగి, మెలితిరిగి ఉంటుంది. ఆ మూడూ కలిసి నడుము కింది భాగంలోని వెన్నుపూసల మీద పడతాయి. అక్కడ నాలుగో, ఐదో పూస వెనక భాగంలో సన్నటి ఎముక భాగం ఒకటి ఉంటుంది. ఎదిగే వయసులో అది ఇంకా పూర్తిగా గట్టిపడదు, ఇరవై దాటాక కూడా కొన్నేళ్లు పడుతుంది. అదే చోట పదే పదే ఒత్తిడి పడితే మొదట ఎముక లోపల వాపు వస్తుంది, తర్వాత వెంట్రుకవాసి పగులు, చివరికి పూర్తి పగులు. బౌలింగ్ చేతికి అవతలి పక్కన ఇది ఎక్కువగా వస్తుంది.

మొదటి దశలో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. "ఎక్స్‌రే బానే ఉంది, రెండు రోజులు రెస్ట్ తీసుకుని వెయ్యమన్నారు" అని చెప్పిన కుటుంబాలు నాకు తెలుసు. ఎముకలోని వాపుని ఎమ్మారై స్కాన్ ముందే పట్టుకుంటుంది. మీ డాక్టరుతో మీరే మాట్లాడండి: "మా వాడు ఫాస్ట్ బౌలర్, నొప్పి ఒకే పక్కన ఉంది, వెనక్కి వంగితే వస్తోంది" అని ఈ మూడు ముక్కలూ చెప్పండి. వాపు దశలో పట్టుకుంటే కొన్ని నెలల విశ్రాంతితో పూర్తిగా నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. పెయిన్ కిల్లర్ మింగి జిల్లా సెలక్షన్లకి వేయించడం మాత్రం చెయ్యకండి. సెలక్షన్లు వచ్చే ఏడాదీ ఉంటాయి.

ఇది బలహీనులకి వచ్చే జబ్బు కాదు. ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెనిస్ లిల్లీకి 1973లో వచ్చింది, తర్వాత తిరిగొచ్చి ప్రపంచాన్ని వణికించాడు. ఆ దేశానికే ఆడే ప్యాట్ కమిన్స్ 18 ఏళ్లకి, 2011లో మొదటి టెస్టు ఆడాడు. వెన్ను గాయాల వల్లే ఎక్కువగా, రెండో టెస్టు ఆడేసరికి 2017 అయింది. వాళ్ల వెనక డాక్టర్లూ, డబ్బూ, బోర్డూ ఉన్నాయి. కందుకూరులోనో, ఆత్మకూరులోనో ఉన్న పిల్లవాడికి మీరూ నేనూ తప్ప ఎవరూ లేరు.

యాక్షన్ (బంతి వేసే తీరు) వల్ల కూడా నడుము దెబ్బతింటుందా?

అవును. వెనక పాదం పడ్డప్పుడు తుంటీ భుజాలూ ఒకే దిక్కుకి ఉండాలి, రెండూ పక్కకి గానీ రెండూ ఎదురుగా గానీ. తుంటి బ్యాటర్‌కి ఎదురుగా ఉండి భుజాలు పక్కకి తిరిగి ఉంటే, లేదా వేస్తూ వేస్తూ మధ్యలో భుజాలు బాగా వెనక్కి తిరిగితే, మెలి అంతా నడుము మీద పడుతుంది. దీన్నే మిక్స్‌డ్ యాక్షన్ అంటారు. టీవీలో ఒక బౌలర్ పరుగునీ, ఇంకో బౌలర్ చేతినీ చూసి కలిపేసుకునే పిల్లల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. పన్నెండు, పదమూడేళ్లలో సరిచెయ్యడం తేలిక.

రోజుకి ఎన్ని ఓవర్లు వెయ్యొచ్చు?

ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు చాలాకాలంగా పిల్లల ఫాస్ట్ బౌలర్లకి హద్దులు పెట్టింది, నేను వాటినే పాటిస్తాను. 13 ఏళ్ల వరకు ఒక స్పెల్‌కి (ఒకే బౌలర్ విశ్రాంతి లేకుండా వేసే ఓవర్లు) 5 ఓవర్లు, రోజుకి 10. 14, 15 ఏళ్లకి స్పెల్‌కి 6, రోజుకి 12. 16 నుంచి 19 దాకా స్పెల్‌కి 7, రోజుకి 18. వరసగా రెండు రోజులకి మించి వెయ్యకూడదు, వారంలో నాలుగు రోజులకి మించకూడదు.

మన దగ్గర అసలు చిక్కు లెక్కలో ఉంది. పొద్దున అకాడమీ నెట్స్, మధ్యాహ్నం స్కూలు మ్యాచ్, సాయంత్రం వీధిలో టెన్నిస్ బంతి. అకాడమీ కోచ్‌కి స్కూలు ఓవర్లు తెలీవు, పీఈటీ సారుకి వీధి ఓవర్లు తెలీవు. సంక్రాంతి టోర్నీలప్పుడైతే ఒక్క రోజులో మూడు మ్యాచ్‌లు, మూడింటికీ వాడే ఓపెనింగ్ బౌలర్. నడుముకి మాత్రం అన్నీ లెక్కే. ఒక చిన్న నోట్‌బుక్‌లో రోజూ మొత్తం బంతులు రాయించండి, నెట్స్‌లో వేసినవి కూడా. పరీక్షలయ్యాక నెల రోజులు ఖాళీగా ఉండి ఒక్కసారిగా సమ్మర్ క్యాంపులో రోజూ 15 ఓవర్లు వెయ్యడం అన్నిటికంటే ప్రమాదం. ఎముకకి అలవాటు పడే టైమ్ కావాలి, వారం వారం కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి.

మా ఊళ్లో సిమెంట్ పిచ్ ఒక్కటే ఉంది. ఏం చెయ్యాలి?

సిమెంట్ దెబ్బని మింగదు, మీద మ్యాట్ పరిచినా మింగేది కొంచెమే. అలాంటి పిచ్ మీద పూర్తి వేగంతో వేసే బంతులు తగ్గించండి. మిగతా ప్రాక్టీసు పక్కన మట్టి నేల మీద, వికెట్లు పాతుకుని చేసుకోవచ్చు. బ్యాటర్‌కి బౌన్స్ బాగుండదు గానీ బౌలర్ కాళ్లకి అదే నయం.

కోతలయిన మళ్లలో పిచ్ చేసి ఆడేటప్పుడు పరుగు దారి అంతా నడిచి చూసుకోండి. వరి దుబ్బులూ, నల్లరేగడి నెర్రెలూ చీలమండ మడతపెట్టేస్తాయి. ముందు పాదం పడే చోట గుంట పడితే ఆట ఆపి మట్టి నింపి దిమ్మిస కొట్టాలి. ఆ గుంటలో పాదం పడ్డ ప్రతిసారీ మోకాలు తిరిగిపోతుంది.

మైపాడు ఇసకలో పరిగెత్తితే కాళ్లకి బలమొస్తుందని అంటారు. నిజమేనా?

పరుగుకి మంచిదే. ఇసక దెబ్బ మింగుతుంది, పిక్కలకీ పాదంలోని చిన్న కండలకీ బాగా పని పడుతుంది. మొదటిరోజే గంట పరిగెత్తితే మడమ వెనక నరం పట్టేస్తుంది, కాబట్టి పది నిమిషాలతో మొదలుపెట్టు. అలల పక్కన తడి ఇసక గట్టిగా ఉంటుంది గానీ వాలుగా ఉంటుంది, అందుకే పోయిన దారినే తిరిగి రావాలి, లేకపోతే ఒక కాలి మీదే భారం పడుతుంది. కొత్తపట్నం బీచ్‌లోనూ అంతే.

బౌలింగ్ మాత్రం ఇసకలో వద్దు. ముందు పాదం కూరుకుపోతుంది, బ్రేకు పడదు. అక్కడ అలవాటైన కాలు పిచ్ మీదికొచ్చాక మెత్తగా కూలుతుంది.

ఎలాంటి షూస్ కొనాలి? వట్టికాళ్లతో వేస్తే తప్పా?

మడమ దగ్గర మెత్త బాగా ఉండి, మధ్యలో మెలిపెడితే సులభంగా తిరగనివి చూడు. ధర కంటే కొలత ముఖ్యం. ముందు పాదం ఆగగానే పాదం షూ లోపల ముందుకి జారి బొటనవేలు షూ ముక్కుకి కొట్టుకుంటుంది. గోరు నల్లబడేది అందుకే. పెద్ద బౌలర్లు కొందరు ముందు కాలి షూకి బొటనవేలి దగ్గర చిల్లు పెట్టుకుంటారు. ట్రంకు రోడ్డులో షాపుకి వెళ్లేటప్పుడు ఆడేటప్పుడు వేసుకునే మందం సాక్సే వేసుకెళ్లు, సాయంత్రం వెళ్లు, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. లేసులు చీలమండ దాకా బిగించు. స్పైక్స్ టర్ఫ్ మీదా, మెత్తటి మట్టి మీదా మాత్రమే. సిమెంట్ మీద స్పైక్స్ వేసుకుంటే జారుతుంది.

వట్టికాళ్లతో నడవడం, పరిగెత్తడం పాదానికి మంచిదే. పూర్తి వేగంతో బౌలింగ్‌కి మాత్రం వద్దు.

జిమ్‌కి పంపాలా? గుంజీళ్లు సరిపోతాయా?

పదహారేళ్ల లోపు చాలామందికి ఒంటి బరువే చాలు. గుంజీళ్లు మంచివే, కానీ బౌలర్ దిగేది ఒంటికాలి మీద. అందుకే ఒంటికాలి గుంజీళ్లు ముఖ్యం. మొదట మంచం మీద కూర్చుని ఒంటికాలితో లేవడం, అలవాటయ్యాక కూర్చునే ఎత్తు తగ్గించుకుంటూ పోవడం. మునివేళ్ల మీద లేవడం, మోచేతి మీద పక్కకి ఒరిగి ఒళ్లు తిన్నగా నిలబెట్టడం, మెట్టు మీంచి గెంతి చప్పుడు కాకుండా దిగడం. ఆఖరిది మరిచిపోవద్దు. చప్పుడు ఎంత తక్కువైతే కండ అంత బాగా పట్టుకుంటున్నట్టు.

తిండి సంగతి కూడా ఇక్కడే చెబుతాను. ఎముకకి కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. మన ఇళ్లల్లో రాగి సంకటీ, చేపల పులుసూ కొత్తగా నేర్చుకోవాల్సినవి కావు. పొద్దున ఏమీ తినకుండా నెట్స్‌కి పంపకండి.

మంచి కెమెరా లేదు. ఫోన్‌తో యాక్షన్ చూసుకోవచ్చా?

బాగా చూసుకోవచ్చు. స్లో మోషన్ పెట్టు. మామూలు వీడియోలో సెకనుకి 30 బొమ్మలు, అంటే ముందు పాదం పడ్డప్పటి నుంచి బంతి వదిలేదాకా మూడే బొమ్మలు. ఏమీ కనిపించదు. 240 బొమ్మల స్లో మోషన్‌లో అదే సమయానికి 24 వస్తాయి. ఫోన్‌ని నడుం ఎత్తులో, క్రీజు గీతకి సూటిగా పక్కన, ఏడెనిమిది అడుగులు వెనక్కి, కదలకుండా పెట్టు. ఇంకోసారి బౌలర్ వెనక నుంచి తియ్యి. పక్క వీడియోలో మోకాలూ, పాదం ఎంత ముందు పడిందీ తెలుస్తాయి. వెనక వీడియోలో తల, నడుం ఒరగడం, పాదాల గీత తెలుస్తాయి. ఒక్క బంతి చూసి నిర్ణయించొద్దు. స్పెల్ మొదటి ఓవరూ చివరి ఓవరూ పక్కపక్కన పెట్టి చూడు. అలిసిపోయాక మోకాలు ఎక్కువ కూలుతోందంటే అక్కడికి స్పెల్ ఆపెయ్యాలి.

మా అమ్మాయి పేస్ వేస్తుంది. ఆడపిల్లలకి వేరే జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

టెక్నిక్ ఒకటే. గెంతి దిగే ఆటల్లో మోకాలి కీలు నడుమ ఉండే లిగమెంటు (ఏసీఎల్) తెగడం అమ్మాయిల్లో ఎక్కువ, కాబట్టి మోకాలు లోపలికి కూలకుండా దిగడం మీద ఇంకొంచెం ఎక్కువ పని చేయించండి. నెలసరి నెలల తరబడి రాకపోతే తిండి సరిపోవట్లేదని, ఎముక బలహీనపడుతోందని అనుమానించి డాక్టరుకి చూపించండి. పక్క కడప జిల్లా నుంచి వెళ్లిన శ్రీ చరణి 2025లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆడింది. ఆమె స్పిన్నరే, అయినా మన ప్రాంతం అమ్మాయిలకి దారి తెరుచుకుంది. మీ అమ్మాయిని పంపండి.

మా అన్న అమెరికాలో గోల్ఫ్ ఆడతాడు. అక్కడా ముందు కాలే ముఖ్యం అంటాడు. ఒకటేనా?

సూత్రం ఒకటే, భారం వేరు. గోల్ఫ్‌లో రన్నప్ లేదు, రెండు పాదాలూ నేల మీదే ఉంటాయి. క్లబ్ వెనక్కి ఎత్తేటప్పుడు బరువు వెనక కాలి మీదికి పోతుంది. క్లబ్ ఇంకా పైకి పోతుండగానే బరువు ముందు కాలి వైపు కదలడం మొదలవుతుంది. తర్వాత రెండు పాదాలూ నేలని ఎదురెదురు దిక్కులకి తోస్తే తుంటి తిరుగుతుంది. చివర్లో ముందు కాలు నేలని కిందికి తన్ని నిటారు అవుతుంది. కిందికి దిగే స్వింగ్ అంతా సుమారు సెకనులో నాలుగో వంతు. దూరం కొట్టేవాళ్లలో ముందు కాలి కింద బలం శరీర బరువుకి ఒకటిన్నర రెట్లు, ఒక్కోసారి అంతకుమించి ఉంటుంది. మన బౌలర్ మోసేదానితో పోలిస్తే అది తక్కువే, కానీ మోకాలి మీద మెలి ఎక్కువ. టైగర్ వుడ్స్ 2008లో యూఎస్ ఓపెన్‌ని ఎడమ మోకాలి లిగమెంటు తెగి, ఎడమ కాలి ఎముకలో పగుళ్లతో గెలిచాడు. ఆ వెంటనే ఆపరేషన్ అయింది. కుడిచేతి ఆటగాడికి ఎడమ కాలే ముందు కాలు.

జావెలిన్‌లోనూ అంతే. నీరజ్ చోప్రా విసిరేటప్పుడు ముందు కాలు పడే క్షణం స్లోగా చూడు, ఇక్కడ రాసిందంతా కనిపిస్తుంది.

సిక్స్ కొట్టడానికి కూడా ఇదే పనికొస్తుందా?

పనికొస్తుంది. వెనక కాలితో తోసి, ముందు కాలు నాటి, దాని మీద తుంటి తిప్పాలి. బ్యాట్ బంతిని తాకేసరికి ముందు కాలు తిన్నగా అవుతుంది. తల ముందు కాలికి బాగా అవతల పడిపోతే బ్యాలెన్స్ పోతుంది, షాట్‌లో బలం ఉండదు.

టెన్నిస్ బంతితో వేస్తే కాళ్లకి భారం తక్కువ కదా?

బంతి తేలికే, టెన్నిస్ బంతి 60 గ్రాముల లోపు, క్రికెట్ బంతి 160 గ్రాముల దగ్గర. భుజానికి తేడా ఉంటుంది. కాళ్లకీ నడుముకీ లేదు, ఎందుకంటే ఆపాల్సింది బంతిని కాదు, నీ ఒంటిని. అందుకే టెన్నిస్ బంతి ఓవర్లు కూడా నోట్‌బుక్‌లో రాయాలి.

వెన్ను పగులు నయమైందన్నారు. మళ్లీ ఎట్టా మొదలుపెట్టాలి?

డాక్టరూ, ఫిజియో సరేనన్నాకే. ముందు నొప్పి లేకుండా పరుగు, ఒంటికాలి గుంజీళ్లు, మెట్టు మీంచి దిగడం. తర్వాత నిలబడి వెయ్యడం, ఆ తర్వాత నడుస్తూ, సగం రన్నప్‌తో, చివరికి పూర్తి రన్నప్‌తో. ఒక్కో మెట్టు దగ్గర వారం పది రోజులు ఉండు, రోజు విడిచి రోజు మాత్రమే వెయ్యి. వేసిన మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు పాత చోట నొప్పి ఉంటే ఒక మెట్టు వెనక్కి దిగు. రెండోసారీ వస్తే బౌలింగ్ ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లు. యాక్షన్‌లో మార్చాల్సింది ఏదైనా ఉంటే నిలబడి వేసే దశలోనే మార్చుకో, పూర్తి వేగం వచ్చాక పాత అలవాటే పైకొస్తుంది. ఆడకుండా ఉన్న ఆ నెలల్లో బ్యాటింగూ, దగ్గర ఫీల్డింగూ ఎప్పుడు మొదలుపెట్టొచ్చో ఫిజియోని అడుగు. చాలామందికి బౌలింగ్ కంటే ముందే అనుమతి దొరుకుతుంది.